వాడికేం కావాలో చూడమ్మా

పర్లాకిమిడిలో మా చెల్లెలి ఇల్లూ, పక్కనున్న ఒడియావాళ్ల ఇల్లూ ఒకే అరుగు మీద ఉంటాయి. ఓ సాయంత్రం పక్కింటి పిల్లాడు మెట్టు తట్టుకుని పడి ఏడుపు లంకించుకున్నాడు. రెండేళ్లు నిండని మా మేనకోడలు లోపలికి పరుగెత్తి, రాత్రిళ్లు తను పట్టుకు పడుకునే పాత చీరముక్క తెచ్చి వాడి మొహానికి అద్దింది. వాడు విసిరికొట్టాడు. పిల్ల బిత్తరపోయింది. "వాడికిది వద్దేమో అమ్మలూ, ఏం కావాలో చూడు" అంది మా చెల్లెలు. వాడి కళ్లు మెట్టు కింద ఒలికిన మరమరాల మీదున్నాయి.

పిల్ల చేసింది తప్పేం కాదు. పురిటి వార్డులో ఒక పసికందు ఏడిస్తే పక్క పసికందు అందుకుంటుంది. ఎదుటివాళ్ల బాధ తాకడం అంత తొందరగా మొదలవుతుంది. వాళ్లకు కావలసింది మనకు కావలసింది కాకపోవచ్చన్న ఎరుక మాత్రం మెల్లగా వస్తుంది.

1997లో బెట్టీ రెపకోలీ, ఆలిసన్ గోప్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. పిల్లల ముందు బిస్కెట్లూ, పచ్చి బ్రోకలీ పెట్టారు. పరిశోధకురాలు బిస్కెట్టు తిని మొహం చిట్లించి, బ్రోకలీ తిని "ఆహా" అని, ఇంకాస్త పెట్టమని చెయ్యి చాపింది. 14 నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్టే ఇచ్చారు. 18 నెలల వాళ్లు ఆవిడకిష్టమైన బ్రోకలీ ఇచ్చారు. నాలుగు నెలల్లో ఎంత ఎదుగుదల!

2015లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలతో ఇంకోటి చేశారు. పిల్లకు మూడు బొమ్మ కార్లు కనిపిస్తాయి, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి రెండే. అన్నిటికన్నా చిన్నది ఆయనకు కనపడదు. "చిన్న కారు జరుపు" అని ఆయన అంటే ఏది? ఆయనకు కనిపించే రెండింటిలో చిన్నది. ఒకే భాష మధ్య పెరిగినవాళ్లు ఎక్కువ తడబడ్డారు. రెండో భాష మాట్లాడకపోయినా, చుట్టూ వింటూ పెరిగినవాళ్లు రెండు భాషలవాళ్లతో సమానంగా నెగ్గారు.

అందుకే ఇక్కడ కొందరు "వాళ్ల భాష మన పిల్లలకెందుకు" అంటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించే ఊరిది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు. ఎవరితో ఏ మాట అనాలో చూసుకునే పిల్ల, ఎదుటివాళ్లకు ఏం తెలుసో రోజూ ఊహిస్తూనే ఉంటుంది.

మంచిపని చేసిందని చాక్లెట్టు పెట్టకండి. 2008లో వార్నెకెన్, టొమసెల్లో చేసిన ప్రయోగంలో, సాయానికి బహుమతి అందుకున్న 20 నెలల పిల్లలు తర్వాత తక్కువ సాయం చేశారు.

మేనకోడలికిప్పుడు నాలుగేళ్లు. మొన్న ఆ పిల్లాడు జ్వరంతో పడుకుంటే, వాళ్ల గుమ్మంలో నిలబడి "కొణొ హెలా?" అని ఒడియాలో అడిగింది. ఏమైందో వాడు చెప్పేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.