ఉంగరానికి కరెంటు ఎక్కడిది?

గాలి నిండా వైఫై ఉంది కదా, దాన్నే పట్టుకుని వేలికున్న ఉంగరం పనిచేయదా అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. బల్ల మీద వేలితో గీస్తే ఫోన్‌లో అక్షరం పడే స్మార్ట్ ఉంగరాల గురించి చదివాడట. ప్రశ్న బాగుంది, జవాబు మాత్రం వైఫైలో లేదు.

ముందు ఆ సంగతి తేల్చేద్దాం. 100 మిల్లీవాట్లు వెదజల్లే రౌటర్‌కి 3 మీటర్ల దూరంలో కూర్చున్నామనుకోండి. ఆ శక్తి అన్ని దిక్కులా సమానంగా పరుచుకుంటే, 2 సెంటీమీటర్ల వ్యాసమున్న ఉంగరం గుండ్రంలోంచి పోయేది సుమారు 0.28 మైక్రోవాట్. అదీ రౌటర్ క్షణం ఆగకుండా పంపుతూ ఉంటేనే. దాన్ని చిప్ వాడుకోగల డీసీగా, అంటే ఒకే దిక్కున పారే కరెంటుగా మార్చాలంటే డయోడ్ కావాలి. ఇంత బలహీనమైన సిగ్నల్‌కి డయోడ్ సరిగ్గా తెరుచుకోదు కాబట్టి, వచ్చిన కాస్తలోనూ చాలా భాగం అక్కడే పోతుంది.

2014లో మొబైల్ కంప్యూటింగ్ పరిశోధకుల మొబిసిస్ సదస్సులో జెరెమీ గమ్మెసన్, బోధి ప్రియంత, జీ లియూ చూపించిన ఉంగరం వేరే దారి పట్టింది. ఎటూ మనిషి రోజులో పదేపదే ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. అప్పుడు ఫోన్‌లోని ఎన్ఎఫ్‌సీ నుంచి కాస్త శక్తి లాగి దాచుకుంటే సరిపోదా? విడిగా ఛార్జింగ్ పెట్టే పనే ఉండదు. నాకు నచ్చిన ఆలోచన ఇదే. ఇక్కడ ఇంజనీరింగ్ సగం, మన అలవాటు సగం.

ఎన్ఎఫ్‌సీ అంటే మెట్రో కార్డు ఆనించగానే గేటు తెరుచుకునే పద్ధతే. కార్డులో బ్యాటరీ ఉండదు. గేటులో ఒక తీగచుట్ట, కార్డులో ఒక తీగచుట్ట. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో అన్యోన్య ప్రేరణ అని చదివినదే. మన పిల్లలు రెండు సోలినాయిడ్ల ఉత్పాదన గుక్క తిప్పుకోకుండా రాస్తారు కానీ, అందులో అంకెలు వేసి చూడమని ఎవరూ అడగరు. వేద్దాం.

ఎన్ఎఫ్‌సీ ప్రమాణం ప్రకారం కనీస అయస్కాంత క్షేత్రం మీటరుకి 1.5 ఆంపియర్లు. టెస్లాల్లో చెబితే 1.9 మైక్రోటెస్లా, భూమి క్షేత్రంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కానీ అది సెకనుకి 1.356 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఫారడే 1831లో కనిపెట్టింది ఇదే కదా, క్షేత్రం ఎంత ఉందని కాదు, ఎంత వేగంగా మారుతోందన్నదే లెక్క. మన ఉంగరం వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. క్షేత్రం దాని గుండ్రంలోంచి నిటారుగా పోతే ఒక్క చుట్టులో పుట్టే వోల్టేజీ సుమారు 50 మిల్లీవోల్టులు. పది చుట్లు వేస్తే అర వోల్టు. పక్కన ఒక కెపాసిటర్ పెట్టి, క్షేత్రం ఊగే లయకే చుట్టా ఊగేలా అనునాదంలోకి తెస్తే దానికి మరో పది రెట్లు, 5 వోల్టులు. చిప్ నడపడానికి ఇది బోలెడు. అదే క్షేత్రం ఇంటి కరెంటులా 50 హెర్ట్జ్‌తో ఊగి ఉంటే? ఒక్క చుట్టుకి 0.2 మైక్రోవోల్టు కూడా రాదు.

ఈ లెక్క మామూలు బంగారపు ఉంగరానికీ వర్తిస్తుంది. అది చివరలు అతికేసిన ఒంటి చుట్టు తీగే. పై షరతులే ఉంటే ఆ ఉంగరంలో సుమారు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు గిర్రున తిరుగుతుంది. జాతకం చూసి పుష్యరాగమో నీలమో పెట్టించుకుని, గ్రహశక్తి ఒంట్లోకి దిగాలని రాయి వేలికి తగిలేలా అడుగు తెరిపించి చేయించుకునేవాళ్లు మనలో చాలామంది. కొలవగలిగిన నిజమైన శక్తి ఆ ఉంగరంలోకి వచ్చేది గ్రహం నుంచి కాదు, మెట్రో గేటు నుంచి. వచ్చి చేసేదేమిటంటే, కొన్ని మైక్రోవాట్ల వేడి. జాతకంలో మార్పేమీ ఉండదు. స్మార్ట్ ఉంగరానికి మాత్రం ఇది తలనొప్పి. చుట్టూ లోహపు తొడుగు వేస్తే అందులో తిరిగే కరెంటు లోపలికి రావలసిన క్షేత్రాన్నే రద్దు చేసేస్తుంది. అందుకే ఎన్ఎఫ్‌సీ వాడే ఉంగరాల తొడుగుకి పింగాణీనో ప్లాస్టిక్కో వాడతారు, లేదా లోహానికి ఒక చోట గాటు పెట్టి చుట్టు తెంచుతారు.

దూరం ఇంకా నిర్దయగా ఉంటుంది. ఫోన్‌లోని చుట్ట వ్యాసార్ధం 2 సెంటీమీటర్లనుకుంటే, దాని నడినెత్తి మీదుగా 2 సెంటీమీటర్లు జరిగేసరికి అందే శక్తి 8వ వంతు, 4 సెంటీమీటర్లకి 125వ వంతు, 10 సెంటీమీటర్లకి 17,576వ వంతు. ఉంగరం ఫోన్ పట్టుకున్న చేతికే ఉండాలన్నది అందుకే. పట్టుకున్నా పేచీ ఉంది. ఫోన్ వెనక వేలు చాచినప్పుడు ఉంగరం గుండ్రం ఫోన్ వీపుకి నిలువుగా నిలబడుతుంది. చుట్ట మధ్యలో క్షేత్రం వీపులోంచి నిటారుగా బయటికొస్తుంది కాబట్టి ఉంగరంలో దూరకుండా పక్కనుంచి జారిపోతుంది. చుట్ట అంచున, సరిగ్గా తీగ మీద, క్షేత్రరేఖలు వంగి వీపుకి సమాంతరంగా పోతాయి. వేలు ఆ అంచుని అడ్డంగా దాటితే ఉంగరం నిండుతుంది. ఒక్క సెంటీమీటరు అటో ఇటో అయితే ఖాళీ.

ఇక ఉంగరం మాట్లాడేదెలా? తిరగలి దగ్గర ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకరు పిడి తిప్పుతున్నారు, రెండోవారు కన్నంలో కందులు పోస్తున్నారు. తిప్పేవారు కళ్లు మూసుకున్నా పిడికెడు పడగానే చేతికి బరువు తెలుస్తుంది. పోయడం ఆపితే తేలిక. ఈ బరువు, తేలికలతోనే కబురు పంపొచ్చు. శ్రమంతా తిప్పేవారిది, పోసేవారు గుప్పిట తెరిస్తే చాలు. ఎన్ఎఫ్‌సీ కార్డు అచ్చం ఇంతే. అది ఏ తరంగాన్నీ సొంతంగా పంపదు. తన చుట్టకి తగిలించిన బరువుని (కరెంటు తాగే లోడ్‌ని) ఒక ట్రాన్సిస్టర్‌తో వేస్తూ తీస్తూ ఉంటుంది, రీడర్‌కి, అంటే గేటుకో ఫోన్‌కో, తన చుట్ట వోల్టేజీ కాస్త తగ్గుతూ పెరుగుతూ కనిపిస్తుంది. లయ కూడా పక్కాగా ఉంది. క్షేత్రం ఒక్క ఊపుని తిరగలి ఒక్క చుట్టు అనుకుంటే, తిరగలి 16 చుట్లు తిరిగేలోపు ఒకసారి పోసి ఒకసారి ఆపాలి, సెకనుకి 8,47,500 సార్లు. ఒక్కో బిట్ చెప్పడానికి 128 చుట్లు. మరి తిప్పేవారికి బరువు తెలియాలంటే రాళ్లు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, ఫోన్ జేబులో ఉంటే కుదరదు.

కాబట్టి 2014 ఉంగరం ఫోన్ దగ్గర దాచుకున్న శక్తితో తర్వాత తనంతట తానే వైర్‌లెస్‌గా కబురు పంపుకోవాలి. పొదుపు కోసం తెలివైన ఎత్తు వేశారు. వేలికొన బల్లకి నొక్కితే వేలి లోపలి స్నాయువు బిగుసుకుని ఉంగరం మీద ఒత్తిడి మారుతుంది, అది తాకిన గుర్తు. వేలు జారితే పుట్టే గరగర శబ్దం కదలిక గుర్తు. మొత్తం 23 సైగలు, సెకనుకి రెండు చొప్పున 10 గంటలు. సరిగ్గా గుర్తించినవి మాత్రం సగటున 73 శాతమే, వాడేవారికి ముందస్తు శిక్షణేమీ లేకుండా. ఇంగ్లిషు అక్షరాలకైతే సర్దుకోవచ్చేమో గానీ ద, ధ, థ తేడాలు ఈ గరగరలో పట్టుకోమంటే నాకు నమ్మకం లేదు.

2024లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ల పికోరింగ్ తిప్పేవారినే మణికట్టుకి తెచ్చింది. చేతిపట్టీలో రీడర్ చుట్ట ఉంటుంది. ఉంగరంలో బ్యాటరీ లేదు, చిప్ కూడా లేదు. చుట్ట, కెపాసిటర్లు, స్విచ్చులు, అంతే. బొటనవేలితో నొక్కితే స్విచ్ మారి ఉంగరం స్పందించే ఫ్రీక్వెన్సీ మారుతుంది. పట్టీ వేగం (అంటే ఫ్రీక్వెన్సీ) మార్చుకుంటూ తిప్పి, ఏ వేగం దగ్గర బరువు తగిలిందో చూస్తుంది. ఉంగరం బరువు 1.5 గ్రాములే, 13 సెంటీమీటర్ల దాకా, వేళ్లు ముడిచినా చదవగలదు. పట్టీలో బ్యాటరీ ఉంటుందనుకోండి, దానికి అక్కడ చోటుంది. 23 సైగల తెలివైన ఉంగరం కన్నా ఈ మొద్దు ఉంగరమే నాకు ముద్దు.

తర్వాత మౌస్‌లా ఆగకుండా స్క్రోల్ చేయడం మీద దృష్టి పెట్టారు. 2025లో వచ్చిన పికోరింగ్ మౌస్‌లో బ్యాటరీ తిరిగి చేరింది, 27 మిల్లీ ఆంపియర్ అవర్లది. కబురు మోసే పని ఇప్పటికీ పట్టీదే కావడంతో ఉంగరం ఖర్చు గరిష్ఠంగా 449 మైక్రోవాట్లు. రోజుకి 8 గంటలు వాడితే, వాడని గంటలూ కలిపి సుమారు 600 గంటలు, అంటే 25 రోజులు ఛార్జర్ ముట్టక్కర్లేదు.