ఫ్రిజ్ మీద అంటించిన గ్రూపు: దూరపు వేట తూటాలపై అపోహలు - వాస్తవాలు

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్లే నేను తూటాలను ఇంట్లోనే కూర్చుకుంటాను. గ్యారేజీ మూల ఒక బల్ల, దానికి బిగించిన ప్రెస్సు, ఒక తూకం యంత్రం, అంతే నా కార్ఖానా. కాల్చేసిన ఇత్తడి కేసును డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత) బిగించి, పౌడర్ తూచి పోసి, మూతిలో బుల్లెట్ దించితే తూటా తయారు. ఈ కూర్పునే లోడు అంటాం. ఆ పౌడర్ ఎంత, ఆ బుల్లెట్ ఎంత లోతు అన్న దగ్గరే పుకార్లన్నీ పుడతాయి. వాటిలో చాలావాటిని నమ్మి ఒక బ్యారెల్‌ను అరగదీసుకున్నవాణ్ణే నేనూ.

ఇది అమెరికా సంగతి అని ముందే చెప్పాలి. ఇక్కడ సొంత వాడకానికి తూటాలు కూర్చుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టం అడ్డుకుంటుంది.

అపోహ: మూడు తూటాలు ఒకే రంధ్రంలో పడితే లోడు కుదిరినట్టే

నా మొదటి 6.5 క్రీడ్‌మోర్ (ఒక తూటా రకం) రైఫిల్‌తో 100 గజాల దగ్గర మూడు తూటాలు వేలిగోరంత చోట పడ్డాయి. ఇలా కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపునే గ్రూపు అంటాం. ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించాను. "ఇదేమిటి, ఎలుక కొరికిందా?" అని అడిగింది మా ఆవిడ. మరుసటి వారం అదే లోడు, అదే రైఫిల్, గ్రూపు మాత్రం రెండింతలు. ఆపై వారం ఇంకా పెద్దది. తప్పు నా చేతిదేమోనని నెల రోజులు ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కడం సాధన చేశాను.

తప్పు చేతిది కాదు, లెక్కది. ఏ రైఫిల్ అయినా తూటాలను ఒక మధ్యబిందువు చుట్టూ చెదరగొడుతుంది. మూడే వేస్తే ఆ చెదురులో చిన్న ముక్కే కళ్లబడుతుంది. ఏదీ మార్చకుండా పది వేస్తే గ్రూపు సగటున 1.6 రెట్లు అవుతుంది. లోడు చెడిపోలేదు, దాని అసలు రూపం బయటపడిందంతే. మూడుసార్లు గవ్వలు వేసి, ఏ గవ్వ వెల్లకిలా పడుతుందో తేల్చేసినట్టుంటుంది మూడు తూటాల తీర్పు.

ఇంతకన్నా పెద్ద మోసం ఇంకోటుంది. పది రకాల లోడ్లు తలా మూడు కాల్చి, అన్నిటికన్నా చిన్న గ్రూపును ఎంచుకుంటాం చూడండి, అప్పుడు మనం ఎంచుకునేది మంచి లోడును కాదు, ఆ రోజు అదృష్టాన్ని.

వేట రైఫిల్ బ్యారెల్ సన్నం, పది కాలిస్తే వేడెక్కిపోతుందంటారు. నిజమే, వరసగా కాల్చమని ఎవరన్నారు? మూడు కాల్చి, బోల్టు (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే కడ్డీ) తెరిచి పెట్టి, టీ తాగి వచ్చి మరో మూడు అదే కాగితం మీద కాల్చవచ్చు. పోటీ కాదు కదా.

అపోహ: ప్రతి బ్యారెల్‌కూ ఒక ‘నోడ్’ ఉంటుంది, పౌడర్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ దాన్ని పట్టుకోవాలి

కాల్చినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది, అందులో అబద్ధం లేదు. ఆ కంపనం మలుపు తిరిగే క్షణాన బుల్లెట్ బయటపడితే, పౌడర్ అటూ ఇటూ అయినా తేడా రాదన్నది నోడ్ సిద్ధాంతం. అందుకని 0.2 గ్రెయిన్ల మెట్లతో పౌడర్ పెంచుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో తూటా కాలుస్తారు. వేగం ఎక్కడ పెరగకుండా నిలిచిందో అదే నోడ్ అంటారు. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. కంసాలి తూకంలో గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. అందులో పదో వంతు కోసం వేటగాళ్లు రెండు వేసవులు ధారపోయడం నేను చూశాను. ఒక వేసవి నాదే.

నేను అదే నిచ్చెనను మూడు వారాల్లో మూడుసార్లు ఎక్కాను. మొదటిసారి కనబడ్డ చదును రెండోసారి వేరే చోట కనబడింది. మూడోసారి అసలు లేదు. మాన్యువల్‌లో (లోడు కొలతల పుస్తకంలో) ఇచ్చిన పరిధిలో పౌడర్ పెరిగేకొద్దీ వేగం దాదాపు సరళరేఖలా పెరుగుతుంది. మధ్యలో కనబడే మెట్లు ఎక్కువగా ఒక్కో తూటాకు సహజంగా ఉండే తేడాలే. పోటీ షూటర్లలో కొందరు ఇప్పటికీ నాతో ఒప్పుకోరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అదే పరీక్ష మళ్లీ చేయండి, నోడ్ కదలకుండా ఉంటే నాకూ చూపించండి.

గ్రూపును నిజంగా మార్చేవి బుల్లెట్టూ, పౌడర్ రకమూ, బ్యారెల్ నాణ్యతా. ఇరవై తూటాల తర్వాత కూడా గ్రూపు నచ్చకపోతే నేను పౌడర్‌ను చిటికెడు మార్చను. బుల్లెట్ మార్చి, మాన్యువల్ ప్రారంభ కొలత నుంచి మళ్లీ మొదలుపెడతాను.

అపోహ: ప్రైమర్ చదునుగా అవలేదు, బోల్టు బిగుసుకోలేదు, కాబట్టి ఒత్తిడి సురక్షితమే

ఇక్కడ హాస్యానికి తావు లేదు. కాల్చినప్పుడు తూటా లోపల పుట్టే ఒత్తిడికి 6.5 క్రీడ్‌మోర్‌లో ఆమోదిత పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ గుర్తులు చాలాసార్లు పరిమితి దాటాకే కనబడతాయి. కొన్ని ప్రైమర్లు మామూలు ఒత్తిడికే చదునవుతాయి, కొన్ని ప్రమాదం దాకా గుండ్రంగానే ఉంటాయి. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మాటకు ఇంకాస్త విలువ ఉంది: అంతే పొడవు బ్యారెల్‌తో మాన్యువల్ గరిష్ఠ వేగాన్ని మీ తూటా దాటిందంటే ఒత్తిడీ దాటిందనే అనుకోవాలి. ఉచితంగా వచ్చే వేగం లేదు. కేసు, ప్రైమర్, బుల్లెట్‌లలో ఏది మార్చినా కొలత తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.

అపోహ: బుల్లెట్ గాడులకు ఎంత దగ్గరగా ఉంటే గురి అంత బాగుంటుంది

గాడులంటే బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే చాళ్లు. కొన్ని బుల్లెట్లకు అవును, కొన్నిటికి కాదు. పూర్తి రాగి బుల్లెట్లు సాధారణంగా గాడులకు కాస్త దూరంగా ఉన్నప్పుడే బాగా పోతాయి. అవి పట్టించుకోవలసినవే: కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి.

వేటలో ఇంకో చిక్కుంది. ఒక సాయంత్రం కొండ మీద రైఫిల్ ఖాళీ చేయబోతే బుల్లెట్ గాడుల్లోనే ఇరుక్కుంది. కేసు ఒక్కటే చేతికొచ్చింది, పౌడరంతా బోల్టు సందుల్లో ఒలికింది. మర్నాడు ఉదయం ఎల్క్ మంద ఎదురుగా మేస్తుంటే నేను గుడారంలో రైఫిల్ తుడుస్తున్నాను.

అపోహ: వేగంలో తేడా ఒక అంకెకు దిగకపోతే దూరపు వేటకు పనికిరాదు

ఐదు తూటాలు కాల్చి, తూటాకూ తూటాకూ వేగం ఎంత చెదిరిందో లెక్కేసి "ప్రామాణిక విచలనం సెకనుకు 10 అడుగులు" అంటే, అసలు విలువ 6 నుంచి 29 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పైగా 500 గజాల దగ్గర, 140 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్లే 6.5 క్రీడ్‌మోర్‌లో 10 అడుగుల వేగం తేడా వల్ల వచ్చే ఎత్తు తేడా సుమారు అర అంగుళం. అదే దూరంలో గంటకు 10 మైళ్ల అడ్డగాలి బుల్లెట్‌ను ఓ 14 అంగుళాలు పక్కకు నెడుతుంది. గాలిని 3 మైళ్లు తప్పుగా అంచనా వేస్తే నాలుగు అంగుళాలు పోయాయి. వెయ్యి గజాల పోటీలో వేగం సంగతి వేరు. వేటలో మాత్రం పౌడర్‌ను గ్రెయిన్‌లో నూరో వంతుకు తూచే యంత్రం కన్నా, గడ్డి పరకల వంపు చూసి గాలి చెప్పడం నేర్చుకున్న రోజులే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

కేసు మెడను మాత్రమే సైజు చేస్తే (డైలో నొక్కి పాత కొలతకు తెస్తే) గురి పెరుగుతుందన్నది కూడా పాత మాటే. నేను పూర్తిగా సైజు చేసి, భుజాన్ని (మెడ కింది వాలును) 0.002 అంగుళాలు వెనక్కి నెడతాను. చలికి బిగుసుకున్న వేళ్లతో రెండో తూటా తోసినప్పుడు బోల్టు మూసుకోవాలి కదా.

అపోహ: జూలైలో కుదిరిన లోడు నవంబరులోనూ అంతే

పౌడర్ చలికి నెమ్మదిస్తుంది, ఎండకు రెచ్చిపోతుంది. కొన్ని రకాలు తక్కువ, కొన్ని ఎక్కువ. వేసవిలో గరిష్ఠం దగ్గర కూర్చిన తూటాను కారు డాష్‌బోర్డు మీద వదిలేయడం ప్రమాదం. చలిలో వేగాన్ని మళ్లీ కొలవకుండా 500 గజాల అంచనా వేయడం పొరపాటు.

అపోహ: టార్గెట్ బుల్లెట్ కాగితం మీద గెలిస్తే అడవిలోనూ గెలుస్తుంది

కొలరాడోలో ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల, తాకగానే విచ్చుకునే బుల్లెట్టే వాడాలని నిబంధన. విచ్చుకోవడానికి కనీస వేగం కూడా ఉంటుంది, బుల్లెట్‌ను బట్టి మారుతుంది. ఆ వేగం ఎన్ని గజాల దగ్గర అయిపోతుందో అక్కడే నా హద్దు, గ్రూపు ఎంత చిన్నదైనా సరే.

"హెచ్-1బి మీద ఉన్నాం, మాకు కుదరదు కదా?"

తెలుగు మిత్రులు తరచూ అడిగేది ఇదే. వలసేతర వీసాదారులు తుపాకీ, తూటాలు ఉంచుకోరాదన్నది ఫెడరల్ చట్టంలో సాధారణ నియమం. చెల్లుబాటయ్యే రాష్ట్ర వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు దాటిన రోజున ఆ మినహాయింపూ పోతుంది. న్యాయవాదిని అడగకుండా అడుగు వేయకండి.

ఫ్రిజ్ మీద ఇప్పుడు వేరే కాగితం ఉంది. సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం ఉదయం చల్లని బ్యారెల్‌తో ఒకే ఒక్క తూటా, ఎప్పుడూ అదే కాగితం మీద, పక్కన తేదీ. వేటలో నాకు దొరికేది సాధారణంగా ఆ మొదటి తూటానే. పోయిన సీజనుకు తొమ్మిది రంధ్రాలయ్యాయి. అంగుళంన్నర పరిధిలో ఉన్నాయి. వాటన్నిటినీ కప్పడానికి వేలిగోరు సరిపోదు.