చేప గుండెకు చమురు తగిలితే

సముద్రంలో చమురు ఒలికిందని వార్త రాగానే తిరుపతి చేపల అంగట్లో వినబడే ప్రశ్న ఒకటే: "అక్కా, ఈ వంజరం తినొచ్చునా?" ఆమె మొప్ప ఎత్తి చూపిస్తుంది. "చూడు సామీ, ఎంత ఎర్రగా ఉండాదో!" తినేవాళ్ల భయం న్యాయమైనదే. కాకపోతే చేప ఎలా ఉందన్నది వేరే సంగతి.

పెద్ద చేప చాలావరకు తట్టుకుంటుంది. వీలైతే పక్కకు తప్పుకుంటుంది. ఒంట్లోకి చేరిన చమురు పదార్థాలను కాలేయం విరగ్గొట్టి పైత్యంలోకి పంపేస్తుంది. కోసేటప్పుడు పగలకుండా తీసి పారేస్తామే, ఆ చేదుకట్టులోకే! కండలో దొరకని చమురు జాడ అందులో దొరుకుతుంది కాబట్టి పరిశోధకులు దాన్నే పరీక్షిస్తారు.

గుడ్డులోని పిండానికి తప్పుకునే దారి లేదు. ముడిచమురులో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లని ఉంటాయి. పేరు భయపెట్టినా, కార్బన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న అణువులే అవి. నీళ్లలో కొద్దిగానే కరుగుతాయి, కానీ కొవ్వు కనిపిస్తే వదలవు. గుడ్డులో ఉండే సొనలో కొవ్వుకు కొదవా? చాలా సముద్రపు చేపల గుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా పారదర్శకంగా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే పిండం గుండె కొట్టుకోవడం కనబడుతుంది. చమురు తగిలిన పిండంలో గుండె చుట్టూ నీరు చేరుతుంది, లయ తప్పుతుంది, గుండె ఆకారమే సరిగా రాదు.

ఎందుకిలా? 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే రిగ్గు పేలింది. 87 రోజులు చమురు చిమ్మింది. సరిగ్గా అది అక్కడ బ్లూఫిన్ ట్యూనాలు గుడ్లు పెట్టే కాలం. ట్యూనా గుండె కణాలను ఆ చమురుతో పరీక్షించిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) శాస్త్రవేత్తలు 2014లో కారణం చెప్పారు. ప్రతి దెబ్బ తర్వాత కణం మామూలు స్థితికి రావాలంటే పొటాషియం బయటికి పోవాలి, ముడుచుకోవాలంటే కాల్షియం కదలాలి. చమురు ఈ రెండింటికీ అడ్డుపడుతోంది.

ఇలాంటి గుండెతో బతికిన పిల్ల బలహీనంగా ఈదుతుంది. వేటాడలేదు, వేటకు దొరికిపోతుంది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికాక, పింక్ సాల్మన్ పిండాలకు అతి కొద్ది చమురు తగిలించి, పెరిగిన పిల్లలకు గుర్తులు పెట్టి సముద్రంలోకి వదిలారు. చమురు తగలని వాటికంటే తక్కువే తిరిగొచ్చాయి. అక్కడి హెర్రింగ్ చేపలు 1993లో కుప్పకూలడాన్ని కూడా చమురు ఖాతాలోనే వేసేవాళ్లున్నారు. అది తొందరపాటనిపిస్తుంది, రోగాల వాదనా గట్టిదే. ఎండ తగిలితే మాత్రం పారదర్శకమైన పిల్లల ఒంట్లో చమురు విషం ఇంకా పెరుగుతుందన్నది తేలిన విషయం. మన ఎండల సంగతి వేరే చెప్పాలా!

కొండలే తప్ప కడలి లేదనుకునే తిరుపతికి 2022 నుంచి జిల్లాలోనే సముద్ర తీరం ఉంది, పులికాట్ సరస్సు ఉంది. సముద్రంలో పుట్టిన పండుగప్ప పిల్లలు పెరిగేది ఇలాంటి ఉప్పుటేళ్లలోనే. దక్షిణాన చెన్నై దగ్గరి ఎన్నూరులో 2017 జనవరిలో ఓడలు ఢీకొని చమురు ఒలికింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల్లో మళ్లీ చమురు చేరింది. అప్పుడు కెమెరాలు వెతికేది ఒడ్డున చచ్చిన చేపల కోసం. ఆ తర్వాతి సీజన్లలో సన్నకన్ను వల వేసి, ఎన్ని పిల్లలు వస్తున్నాయో లెక్కపెడితే కదా అసలు నష్టం తెలిసేది.