మనిషికి ‘అక్రమ’ అని తగిలించే అలవాటు: 2013లో ఏం జరిగింది?

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. అందులో 104 మంది, ఎక్కువగా హరియాణా, గుజరాత్, పంజాబ్ వాళ్లు. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి తెచ్చారని దిగినవాళ్లే చెప్పారు. రెండు వారాలు తిరక్కముందే వైట్‌హౌస్ తన ఖాతాలో మరో డిపోర్టేషన్ విమానం వీడియో పెట్టింది. గొలుసుల చప్పుడు, సంకెళ్లతో మెట్లెక్కుతున్న కాళ్లు. శీర్షికలో ‘ఇల్లీగల్ ఏలియన్’ (అక్రమంగా ఉన్న పరాయి దేశస్తుడు) అని రాశారు. ఇలాంటి విమానం బయల్దేరిన ప్రతిసారీ ఆ మాట మీద గొడవ మళ్లీ మొదలవుతోంది.

చాలామంది ఈ గొడవను ట్రంప్ దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అసలు మలుపు 2013 ఏప్రిల్ 2. ఆ రోజు అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన స్టైల్‌బుక్‌లో ‘ఇల్లీగల్ ఇమ్మిగ్రెంట్’ అనే మాటను పక్కన పెట్టింది. ఏ మాట ఎలా రాయాలో చెప్పే ఆ పుస్తకాన్ని అమెరికాలో చిన్న ఊళ్ల పేపర్లు కూడా దగ్గర పెట్టుకుంటాయి. కొత్త నియమం ఒక్క ముక్క: ‘ఇల్లీగల్’ అని పనిని అనొచ్చు, మనిషిని అనకూడదు. అంటే అక్రమ వలస అని రాయొచ్చు, అక్రమ వలసదారు అని రాయకూడదు. ఆ మనిషి సరిహద్దు దాటి వచ్చాడా, వీసా గడువు అయిపోయాక ఉండిపోయాడా, తెలిస్తే అదే రాయాలి.

అప్పటి ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ కాథ్లీన్ కారల్ ఇచ్చిన వివరణ ఇప్పుడు ఎవరూ గుర్తు చేయరు. మానసిక జబ్బుల వార్తల్లో ‘స్కిజోఫ్రీనిక్’ అని మనిషికి ముద్ర వేయడం మానేసి, ఆ జబ్బు ఉన్నట్టు నిర్ధారణ అయిందని రాస్తున్నాం, ఇదీ అలాంటిదే అన్నారు. వలస హక్కుల సంఘాలు కోరిన ‘అన్‌డాక్యుమెంటెడ్’ (కాగితాలు లేనివాళ్లు) అనే మాటను కూడా ఆ సంస్థ ఒప్పుకోలేదు. చాలామంది దగ్గర ఏవో కాగితాలు ఉంటాయి, ఉండాల్సినవే ఉండవు. అందుకని ఆ మాట కూడా కచ్చితం కాదంది. ఇది ఒక పక్షానికి కొమ్ము కాయడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఒత్తిడి ఉన్న మాట నిజమే. పులిట్జర్ అవార్డు గెలిచిన బృందంలో పనిచేసిన విలేకరి జోస్ ఆంటోనియో వర్గాస్ తన దగ్గర సరైన కాగితాలు లేవని 2011లో బహిరంగంగా రాశారు. పన్నెండేళ్ల వయసులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి ఆయన. న్యూస్‌రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చున్న సహోద్యోగిని ‘ఇల్లీగల్’ అని రాయాలంటే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది.

చట్టం మీరినవాళ్లను చట్టం మీరినవాళ్లని అనకపోతే పాఠకుడి దగ్గర నిజం దాచినట్టేనని వ్యతిరేకులు అన్నారు. న్యూయార్క్ టైమ్స్ 2013 ఏప్రిల్‌లోనే తన నియమం కాస్త సడలించింది కానీ మాటను నిషేధించలేదు. అయితే అమెరికా చట్టంలో అనుమతి లేకుండా సరిహద్దు దాటడం క్రిమినల్ నేరం. వీసా గడువు దాటి ఉండిపోవడం మాత్రం సివిల్ ఉల్లంఘన. ‘ఇల్లీగల్’ అనేస్తే ఈ రెండూ ఒకటైపోతాయి.

అప్పటి నుంచి ఏ మాట వాడితే ఆ పార్టీవాడని లెక్కగట్టడం అలవాటైంది. 2021లో బైడెన్ ప్రభుత్వం ‘ఏలియన్’ మానమని ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం ఆ మాటను వెనక్కి తెచ్చింది.

ఇక మన సంగతి. పేపర్ డెస్క్‌లో వార్తా ఏజెన్సీ పంపిన కాపీ అనువదించడం నా పని. కాపీలో ‘చట్టబద్ధ అనుమతి లేకుండా ఉంటున్నవారు’ అని ఉంటుంది. రెండు కాలమ్‌ల హెడ్డింగ్‌లో అంత పట్టదు. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో చెయ్యి ‘అక్రమ వలసదారులు’ అని కొట్టేస్తుంది. నేనూ కొట్టాను, చాలాసార్లు.

కానీ 2019 జనవరిలో అలా కొట్టలేదు. మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా అధికారులే ఒక నకిలీ యూనివర్సిటీ నడిపి, అందులో చేరినవాళ్లను అరెస్టు చేశారు. మొదటి విడత పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. క్లాసులు లేవని తెలిసే చేరారన్నది అక్కడి అధికారుల వాదన. మనం మాత్రం ‘మన విద్యార్థులు’ అని రాశాం. వాళ్లు సరైన వీసాతోనే అమెరికా వెళ్లారని, ప్రభుత్వ జాబితాలో పేరు చూసే ఆ యూనివర్సిటీలో చేరామంటున్నారని కూడా రాశాం. అవన్నీ రాయాల్సిన వివరాలే.

గల్ఫ్ వార్తలూ అంతే. గల్ఫ్‌లో కఫీల్ (వీసా స్పాన్సర్ చేసిన యజమాని) దగ్గర నుంచి బయటపడి, వీసా లేకుండా తిరిగే మనిషిని నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ‘ఖల్లివెల్లి’ అంటారు. జిల్లా పేజీల్లో అదే మాట వస్తుంది. దానితో పాటు పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయిందని, జీతం నెలల తరబడి ఇవ్వలేదని కూడా వస్తుంది. స్టైల్‌బుక్ చదవకుండానే మన విలేకరులు ఆ నియమం పాటించారు, ఆ మనిషి ఇంటికి వెళ్లి అతని తల్లితో మాట్లాడారు కాబట్టి.

హైదరాబాద్ బాలాపూర్ శిబిరాల్లో ఉండే రోహింగ్యాల వార్తకు వచ్చేసరికి మాట ‘చొరబాటుదారులు’ అయిపోతుంది. వాళ్లలో చాలామంది చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది. ఆ సంగతి రాసినా చివరి పేరాలో వస్తుంది. పేజీలో చోటు చాలనప్పుడు డెస్క్‌లో మేం ముందు కోసేది ఆ పేరానే.