ఛాతీలోని నాదం: వియన్నా నుంచి పారిస్ దాకా

1781 ఏప్రిల్ 30న వియన్నాలోని బుర్గ్ థియేటర్‌లో ఆంటోనియో సాలియేరి స్వరపరచిన ఒక హాస్య సంగీత నాటకం మొదటిసారి ప్రదర్శితమైంది. పొగగొట్టాలు శుభ్రం చేసే మనిషి చుట్టూ తిరిగే ఆ నాటకానికి మాటలూ పాటలూ సమకూర్చినవాడు వృత్తిరీత్యా కవి కాదు, లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగర్ అనే వైద్యుడు. ఆ నాటకం నేడు సంగీత చరిత్రకారులకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. అంతకు 20 ఏళ్ల ముందు ఆయన ప్రకటించిన పరీక్షా పద్ధతి మాత్రం వైద్య కళాశాలల్లో ఇప్పటికీ పాఠంగానే ఉంది. డాక్టరు రోగి ఛాతీ మీద, వీపు మీద వేలితో తట్టి, వచ్చే శబ్దాన్ని బట్టి లోపలి స్థితిని అంచనా వేసే పద్ధతి అది.

ఔవెన్‌బ్రుగర్ 1722లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, సత్రం నడిపే కుటుంబంలో పుట్టాడు. తండ్రి సత్రంలో ద్రాక్షసారా పీపాలను తట్టి, ఎంత ఖాళీ అయ్యాయో తెలుసుకోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కథ అందంగానే ఉంది. అయితే 1761లో లాటిన్‌లో అచ్చయిన వంద పేజీలైనా లేని తన చిన్న గ్రంథంలో, ఆరోగ్యవంతుడి ఛాతీ పలికే శబ్దాన్ని ఆయన పోల్చింది పీపాతో కాదు, మందపాటి ఉన్నిగుడ్డ కప్పిన డోలుతో. చొక్కాను ఛాతీ మీద బిగుతుగా లాగి పట్టాలనీ, లేదా తట్టే చేతికి గరుకు తోలు తొడుగు వేసుకోవాలనీ ఆయన రాసిన జాగ్రత్తలు చదివితే, నాదంలోని సూక్ష్మభేదాలను చెడగొట్టే ప్రతి చప్పుడునూ తొలగించాలన్న తపన కనిపిస్తుంది. సారా కొలిచేవాడికి అంత పట్టింపు అవసరం లేదు, వాద్యకారుడికి ఉంటుంది.

ఈ పరీక్ష పనిచేసే తీరు మృదంగం తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. ఆ బరువుతో చర్మం నెమ్మదిగా కంపించి శ్రుతి కిందికి దిగుతుంది, ముద్ద ఎక్కువైతే మూత మూగబోతుంది. ఛాతీ గోడ విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. దాని వెనుక గాలి నిండిన ఊపిరితిత్తి ఉన్నంతవరకు గోడ స్వేచ్ఛగా కంపించి, తట్టినప్పుడు బోలుగా, కాస్త ఎక్కువసేపు నిలిచే ధ్వని వస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా, న్యుమోనియాతో గాలి తిత్తులు నిండిపోయినా కంపనం వెంటనే అణగిపోయి మొద్దు శబ్దం వస్తుంది, తట్టే వేలికి కూడా గట్టిదనం తగులుతుంది. ఎక్కడ బోలు ధ్వని ఆగి ఎక్కడ మొద్దు ధ్వని మొదలవుతుందో గుర్తించుకుంటూ పోతే నీటిమట్టాన్నీ, గుండె అంచునూ, కాలేయం పైభాగాన్నీ చర్మం మీదే గీసి చూపవచ్చు. ఔవెన్‌బ్రుగర్ అంతటితో ఆగకుండా, శవాల ఛాతీలోకి ద్రవాన్ని ఎక్కించి, తట్టినప్పుడు వినిపించే మట్టం నిజమైన మట్టంతో సరిపోతున్నదో లేదో చూశాడు. వ్యాధి గురించిన ఊహను ప్రయోగంతో సరిచూసుకోవడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు.

వియన్నా వైద్య ప్రముఖులు దీన్ని దాదాపు పట్టించుకోలేదు. రోగి చెప్పే లక్షణాలు, నాడి, మూత్రం మీద ఆధారపడిన వైద్యంలో వేళ్లతో తట్టి వినడానికి చోటు లేకపోయింది. ఔవెన్‌బ్రుగర్ మాత్రం చేదెక్కి కూర్చున్నట్టు కనబడడు. ఆయన ఇల్లు నగరంలోని సంగీత ప్రియులకు తెలిసిన ఇల్లు. కుమార్తెలు కాథరీనా, మరియాన్నా కీబోర్డు వాద్యంలో ఎంతటివారంటే, జోసెఫ్ హైడెన్ 1780లో ప్రచురించిన ఆరు సొనాటాలను వారిద్దరికీ అంకితమిచ్చాడు. మరియాన్నా 1782లో మరణించినప్పుడు ఆమె రచించిన సొనాటాను సాలియేరి తన ఖర్చుతో అచ్చువేయించాడు.

ఆ పద్ధతికి గుర్తింపు పారిస్‌లో దొరికింది. నెపోలియన్ వైద్యుడు జాన్ కోర్విసార్ దాన్ని ఏళ్ల తరబడి రోగుల మీద పరీక్షించి, 1808లో ఔవెన్‌బ్రుగర్ గ్రంథాన్ని విస్తారమైన వ్యాఖ్యలతో ఫ్రెంచిలోకి అనువదించాడు. ఈ విషయం మీద తానే సొంత పుస్తకం రాసి పేరు తెచ్చుకోవచ్చునని, కానీ అలా చేస్తే అసలు ఆవిష్కర్తను మరుగుపరచినట్టవుతుందని ముందుమాటలో ఆయన స్పష్టంగానే చెప్పాడు. మరుసటి సంవత్సరం ఔవెన్‌బ్రుగర్ కన్నుమూశాడు.

కోర్విసార్ శిష్యుల్లో ఒకడు రెనే లెనెక్. బ్రిటనీ ప్రాంతంలోని కెంపేర్‌లో 1781లో పుట్టిన ఈయన వేణువు వాయించేవాడు, లేత్ యంత్రం మీద చెక్క తిప్పడం తెలిసినవాడు. 1816లో గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతి ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె స్థూలకాయురాలు కావడంతో తట్టి చూసినా ఫలితం రాలేదు, ఛాతీకి చెవి ఆనించి వినడం మర్యాద కాదు. పొడవైన దూలానికి ఒక చివర గుండుసూదితో గీస్తే, రెండో చివర చెవి పెట్టినవారికి స్పష్టంగా వినిపిస్తుందన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. వెంటనే కాగితాల దస్తాను గట్టిగా చుట్టి ఒక కొసను ఛాతీకి, మరో కొసను చెవికి ఆనించాడు; నేరుగా చెవి పెట్టి విన్నదానికంటే గుండె చప్పుడు స్పష్టంగా వినిపించింది. తర్వాత సుమారు ఒక అడుగు పొడవున, మధ్యలో సన్నని రంధ్రంతో ఆయన స్వయంగా తయారుచేసిన చెక్క గొట్టాలే తొలి స్టెతస్కోపులు. రెండు చెవులకు తగిలించుకునే రకం 1850ల ఆరంభంలో గాని రాలేదు.

1819లో వెలువడిన లెనెక్ గ్రంథం గొప్పదనం గొట్టంలో కంటే వినికిడి వర్ణనలో ఉందని నా అభిప్రాయం. బతికుండగా విన్న ప్రతి ధ్వనినీ, మరణానంతరం శవపరీక్షలో కనిపించిన మార్పుతో ఆయన జతపరిచాడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన రోగి మాట్లాడితే మేక అరిచినట్టు వణుకుతూ వినిపించే స్వరాన్నీ, క్షయ తొలిచిన గుహ మీద గొట్టం ఆనిస్తే రోగి మాట తిన్నగా ఛాతీలోంచే వస్తున్నట్టు వినిపించడాన్నీ ఆయనే మొదట గుర్తించాడు. 1826 నాటి రెండవ కూర్పులో మరో అడుగు ముందుకువేసి, ఒక రోగి రక్తనాళంలో వినిపించిన నాదాన్ని సంగీత లిపిలో రాసి పెట్టాడు; అది మూడు స్వరాల మధ్య తిరుగుతున్నదని గమనించాడు. అదే సంవత్సరం, తాను అంతగా పరిశోధించిన క్షయవ్యాధితోనే 45 ఏళ్ల వయసులో మరణించాడు.

సంగీతం రాకపోతే ఈ ఆవిష్కరణలు జరిగేవే కావని అనడం అతిశయోక్తి. 1839లో వియన్నా వైద్యుడు జోసెఫ్ ష్కోడా ఇవే ధ్వనులను ఉపమానాలన్నీ పక్కనపెట్టి, భౌతికశాస్త్ర పద్ధతిలో నిండైనవి, బోలువి, స్పష్టమైనవి, మొద్దువి అని వర్గీకరించాడు. నేటి బోధన ఎక్కువగా ఆయన బాటలోనే నడుస్తోంది. అయితే అలవాటుపడిన చెవి లేనివారికి ఆ వర్గీకరణ కాగితం మీది మాటగానే మిగులుతుంది. 1895లో ఎక్స్‌రే, 1953లో స్వీడన్‌లో మొదలైన గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష వచ్చాక ఆ చెవి ఎంత మొద్దుబారిందో 1997లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన చూపించింది. గుండెకు సంబంధించిన 12 ధ్వనులు వినిపిస్తే శిక్షణలో ఉన్న వైద్యులు సగటున అయిదింట ఒకటి మాత్రమే గుర్తుపట్టారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో హృద్రోగ నిపుణుడు మైకేల్ బారెట్ దీనికి వెదికిన పరిష్కారం సంగీత విద్యార్థులకు కొత్తగా అనిపించదు: కవాటాల లోపాల వల్ల వచ్చే ఒక్కొక్క మర్మర ధ్వనినీ విద్యార్థులకు 500 సార్లు వినిపించాడు. ఉపన్యాసాలతో కుదరనిది ఆ సాధనతో కుదిరింది. వారు ధ్వనులను గుర్తుపట్టే సామర్థ్యం బాగా పెరిగింది.