వ్యవసాయ పరిశోధనలో పోస్ట్‌డాక్: ఆలస్యంగా వచ్చిన దశ

పీహెచ్‌డీ ముగిశాక, స్థిరమైన ఉద్యోగంలో చేరేలోపు రెండు మూడేళ్లు పరిశోధన సాగించేందుకు ఇచ్చే పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ మన వ్యవసాయ శాస్త్రంలో ఇప్పటికీ కుదురుకోలేదు. దీనికి నిధుల కొరతే కారణమని సాధారణంగా అంటారు గానీ, ఉద్యోగ నియామకాలు జరిగిన తీరుకు ఇందులో అంతకంటే పెద్ద పాత్ర ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో ఈ దశ విదేశాల్లోనే గడిచేది. ఎం.ఎస్. స్వామినాథన్ 1952లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొంది, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బంగాళాదుంపపై పరిశోధన చేసి, అక్కడ ఇస్తామన్న ఉద్యోగాన్ని కాదని 1954లో స్వదేశానికి వచ్చారు. అంతటి అర్హతలున్న ఆయన కూడా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో కొన్ని నెలలు తాత్కాలికంగా పనిచేశాకే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో చేరగలిగారు. ఇలా తిరిగివచ్చినవారికి తగిన ఉద్యోగం దొరికేదాకా ఆసరాగా ఉండేందుకు 1958లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) నిర్వహణలో సైంటిస్ట్స్ పూల్ ఏర్పడింది.

1972లో అదే ఢిల్లీ సంస్థలో ఒక శాస్త్రవేత్త ఆత్మహత్య చేసుకోవడంతో నియామకాలు, పదోన్నతుల తీరుపై దేశవ్యాప్తంగా దుమారం రేగింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ నాయకత్వంలోని కమిటీ విచారణ జరిపిన దరిమిలా, 1973లో వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి, 1975లో వ్యవసాయ పరిశోధన సర్వీసు వచ్చాయి. కొత్తగా ఎంపికైనవారి శిక్షణ కోసం 1976లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో నేటి జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్) మొదలైంది. సంస్కరణ మంచిదే, అవసరమైనదే. అయితే చాలాకాలం పాటు ఎమ్మెస్సీతోనే ఈ సర్వీసులో చేరి, ఉద్యోగంలో ఉంటూనే సెలవుపై డాక్టరేట్ చేసే వీలుండటంతో, చదువుకూ కొలువుకూ మధ్య పోస్ట్‌డాక్ అనే మజిలీకి చోటే లేకపోయింది.

డాక్టరేట్లు పెరిగి, నియామకాలు మందగించాక ఆ మజిలీ తప్పనిసరి అయింది. అప్పటికి అందుబాటులో ఉన్నవి బయోటెక్నాలజీ శాఖ రీసెర్చ్ అసోసియేట్‌షిప్‌ల (డాక్టరేట్ తర్వాత ఇచ్చే తాత్కాలిక పరిశోధన ఫెలోషిప్‌ల) వంటివి; తర్వాత 2015–16 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు (ఎస్‌ఈఆర్‌బీ) నెలకు రూ.55,000తో, 24 నెలల గడువుతో జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ప్రారంభించింది. అన్ని శాస్త్రాలకూ ఒకే కొలతతో పెట్టిన గడువు ఇది.

ప్రయోగశాలలో విఫలమైన ప్రయోగాన్ని చాలాసార్లు వారాల్లోనే మళ్లీ చేయవచ్చు. పొలంలో తప్పిన ఖరీఫ్ మళ్లీ ఏడాదికి గానీ రాదు. సంకరణం చేసిన వరి మొక్క లక్షణాలు స్థిరపడడానికి సాధారణంగా ఆరేడు తరాలు పడుతుంది. ఏడాదికి రెండు పంటలు తీసినా అది మూడేళ్లకు పైమాటే. నాట్లు అయిపోయాక సెప్టెంబరులో చేరిన ఫెలోకు మొదటి ఖరీఫ్ చేజారినట్టే. రెండో ఖరీఫ్ పంట కోతకు వస్తుంది. మూడోది పొలంలో ఉండగానే గడువు తీరిపోతుంది.