జేబులో అయస్కాంతం పెట్టుకుని ఫ్లేంజిలు కొనకండి

మొన్న బాపట్ల వైపు నుంచి ఒకాయన వచ్చారు. రొయ్య పిల్లల హేచరీ ఉందట. సంచిలోంచి నాలుగంగుళాల స్లిప్ ఆన్ ఫ్లేంజి (పైపు మీదకి తొడిగి వెల్డు చేసే చక్రం, పైపుల్ని బోల్టులతో కలపడానికి) తీసి బల్ల మీద పెట్టారు. ఫేస్ నిండా గుంటలు, బోల్టు రంధ్రాల చుట్టూ ఎర్రటి చారలు. "కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూశానండీ, అంటుకోలేదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అనే కదా అర్థం? ఏడాది తిరక్కుండా ఇలా అయ్యిందేంటి?" అన్నారు. ఆ అయస్కాంతం ఆయన తాళాల గుత్తికి ఇంకా వేలాడుతూనే ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే వ్యాపారం నాది. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది 304.

వాస్తవం: 202 అనే చవక రకం స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంటుకోదు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. నికెల్ ఖరీదు కాబట్టి 202లో దాన్ని 4 నుంచి 6 శాతానికి దించి, ఆ లోటు మాంగనీసుతో, కాస్త నైట్రోజన్‌తో పూడుస్తారు. లోపలి పరమాణువుల అమరిక రెండింటిదీ ఒకటే, అయస్కాంతం లాగని ఆస్టెనైట్. అయస్కాంతానికి తెలిసేది ఆ అమరిక ఒక్కటే, నికెల్ ఎంతుందో దానికేం తెలుసు? 202 చెడ్డ సరుకని నేననను. మెట్ల రెయిలింగుకి, గేటుకి భేషుగ్గా ఉంటుంది. దాన్ని తెచ్చి ఉప్పునీళ్ల లైనుకి బిగిస్తేనే కొంప మునిగేది.

అసలు ఆయనకి నిజమైన 304 ఇచ్చినా సముద్రపు నీటికి నిలబడేది కాదు. క్లోరైడు దాని మీద సూదిమొనంత గుంట చేసి లోపలికి తొలుచుకుపోతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 కొంత నయం. దాన్నైనా గాస్కెట్ (రెండు ఫ్లేంజిల మధ్య కారకుండా వేసే పొర) అంచు కింద నిలిచిపోయిన ఉప్పునీరు వదలదు. మీ లైనుకి స్టీలే వద్దు, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపూ ఫ్లేంజీ వేసుకోండన్నాను. బేరం పోయింది, ఏం చేస్తాం.

దీనికి తిరగేసిన అపోహ ఇంకోటి ఉంది: అయస్కాంతం కొంచెం అంటుకున్నా నకిలీయేనని. అందులో నేనే పడ్డాను. వ్యాపారం మొదలుపెట్టిన రెండో ఏడు, పోత పోసిన ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) వాల్వులు వచ్చాయి. అయస్కాంతం మెల్లగా లాగింది. మోసమని అరిచి, లారీ కిరాయి నేనే కట్టి లోడు వెనక్కి పంపాను. పోతలో పగుళ్లు రాకుండా కొంచెం ఫెర్రైట్ (అయస్కాంతం లాగే అమరిక) ఉండనిస్తారని, దాని వల్లే లాగుతుందని ఆ తర్వాత తెలిసింది. క్షమించమని అడగడానికి మూడు రోజులు పట్టింది. చల్లగా వంచిన 304 కూడా ఆ వంపు దగ్గర కొంచెం లాగుతుంది.

మరి గుర్తుపట్టడమెలా? ఫ్లేంజి అంచు చూడండి. సైజు, క్లాసు (ప్రెజరు తరగతి), ఎఫ్304 లేదా ఎఫ్316 అనే గ్రేడు, హీట్ నంబరు (స్టీలు కరిగించిన విడత నంబరు) గుద్ది ఉండాలి. అదే హీట్ నంబరు టెస్ట్ సర్టిఫికెట్‌లోనూ ఉండాలి. అనుమానం తీరకపోతే పీఎంఐ గన్‌తో (లోహంలో ఏమేం ఉన్నాయో చూపే పరికరం) చూపించుకోండి. మామూలు ఎక్స్‌రే గన్‌కి కార్బన్ కనపడదు కాబట్టి 304కీ, కార్బన్ తక్కువుండే 304ఎల్‌కీ తేడా అది చెప్పలేదు. దానికి ల్యాబులో స్పెక్ట్రో పరీక్ష చేయించాల్సిందే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. క్లాస్ 150 అంటే 150 పీఎస్ఐ ప్రెజరు కాదు. 304 ఫ్లేంజి మామూలు వేడిలో 19 బార్, అంటే 275 పీఎస్ఐ మోస్తుంది. 200 డిగ్రీలకి వెళ్తే 13 బార్‌కి దిగుతుంది. స్టీము లైనువాళ్లు ఈ రెండో అంకె చూసుకోవాలి. మూడంగుళాల ఫ్లేంజిలన్నీ ఒకటే కాదు: క్లాస్ 150కి 4 రంధ్రాలు, యూరప్ కొలతల పీఎన్ 16కి 8. పాత పంపుకి కొనేవాళ్లు రంధ్రాలు లెక్కపెట్టి, పీసీడీ (రంధ్రాల నడిమి మీదుగా పోయే వలయం వ్యాసం) కొలిచి మరీ రండి. స్లిప్ ఆన్ చవకే గానీ వేడి ఎక్కుతూ దిగుతూ ఉండే లైనుకీ, ఎక్కువ ప్రెజరుకీ వెల్డ్ నెక్ (పైపు చివరకి ఆనించి వెల్డు చేసే మెడ ఉన్న ఫ్లేంజి) వేయండి. కారుతోందని బోల్టు మీద ఇంకా బలం చూపిస్తే గాస్కెట్ నలిగిపోతుంది. ఎస్ఎస్ బోల్టుకి గ్రీజు లేకపోతే నట్టు పట్టేసి, కోసి తీయాల్సి వస్తుంది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్లు అమ్మోనియా లైనుకి ఎస్ఎస్ కావాలా అని అడుగుతారు. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) చాలు. రాగి, ఇత్తడి మాత్రం దగ్గరికి రానీయకండి.

కొత్త 316 మీద పలచగా ఎరుపు కనపడగానే మోసపోయామని కంగారుపడేవాళ్లు ఉంటారు. ఒకావిడ రాత్రి పదింటికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు, అప్పు చేసి పెట్టిన యూనిట్ మరి. వెళ్లి చూస్తే, వెల్డరు ఎంఎస్‌కి వాడిన వైరు బ్రష్షే దీనికీ వాడాడు. ఆ ఇనుప రజను తుప్పుపట్టింది. పికిలింగ్ పేస్టు (తుప్పుని తినేసే ఆమ్లపు ముద్ద) పూసి కడిగితే పోయింది.

హేచరీ ఆయన నిన్న మిగతా పదకొండు ఫ్లేంజిల ఫోటోలు వాట్సాప్‌లో పంపారు. ఒక్కదాని అంచు మీదా అక్షరం ముక్క లేదు.